సందు లేకుండా కుదిరితేనే నాదం
ఖరీదైన ఇన్-ఇయర్ హెడ్‌ఫోన్లలో బేస్ పలచబడితే చాలాసార్లు తప్పు డ్రైవర్‌ది కాదు, కొసన ఉండే టిప్‌ది. చెవికీ టిప్‌కీ మధ్య వెంట్రుకవాసి సందున్నా మృదంగం ఎడమ పక్క గుమ్మనే నాదం ముందుగా జారిపోతుంది. వేలు పోసి కేబుల్ మార్చినా ఆ సందు పూడదు. డబ్బాలో వచ్చిన టిప్‌లన్నీ ఓపిగ్గా పెట్టి చూడాల్సిందే. కుడి చెవికి మీడియం, ఎడమకు లార్జ్ సరిపడటం వింతేమీ కాదు. ఫోమ్ టిప్‌నైతే వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి పట్టుకుని, లోపల పెట్టాలి. అది ఉబ్బి చెవి గోడలకు అతుక్కునేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. ఎటిమోటిక్ సంస్థ 1991లో తెచ్చిన ఈఆర్-4 ఇన్-ఇయర్ హెడ్‌ఫోన్ చెవిలో లోతుగా దిగి బిగుసుకునేలా రూపొందింది. దాని స్పష్టతకు ఆ బిగువే ఆధారం. తాళాల మెరుపు మసకబారితే మాత్రం నాజిల్ జాలీలో గులిమి చేరిందేమో చూసి, పొడి మెత్తని బ్రష్‌తో దులపాలి.