మంట చూసి పొయ్యి కొనండి

1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చాక ఎన్నో పల్లె వంటిళ్లలో గ్యాస్ పొయ్యి వెలిగింది. ఇప్పుడు పాతదాన్ని మార్చుకుందామని యాదగిరిగుట్ట కింద దుకాణాలకు వెళ్తే ముందు కన్ను పడేది తళతళలాడే గాజు పలక మీదే. పలక కాదు, బర్నర్ చూడండి.

యాదగిరిగుట్ట వైపు ఇళ్లలో పొయ్యికి అసలు పరీక్ష జొన్న రొట్టె. పెనం అంచుల దాకా సెగ తగలాలంటే పెద్ద బర్నర్ ఉండాలి. సర్వపిండికి సన్న మంట నిలకడగా కావాలి. మూత పెట్టి వదిలితే అడుగు మాడకుండా ఎర్రగా కాలాలి. సిమ్‌లోకి తిప్పగానే ఆరిపోయే పొయ్యి ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఇరుకిరుకుగా నాలుగు బర్నర్లున్న దానికంటే, రెండు పెద్ద గిన్నెలు ఎడంగా పట్టే స్టీలు పొయ్యే మధ్యతరగతి ఇంటికి మేలని నా అభిప్రాయం. ఇత్తడి బర్నర్, ఐఎస్ 4246 అన్న ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి. ఆ ప్రమాణం ప్రకారం మంట వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు అందాలి. 14.2 కిలోల సిలిండర్ ఎన్నాళ్లొస్తుందో తేలేది అక్కడే.

ఒక్క మనవి: కొత్త పొయ్యికి పాత గొట్టం తగిలించకండి. సురక్షా గొట్టాన్నైనా ఐదేళ్లకు మార్చాల్సిందే.