బోర్డు మీద ఎవరి పేరు?

"మామూ, బోర్డు మీద ఏం రాయిద్దాం?"

పోయిన జుమ్మా రోజు మా ఆపా కూతురు అడిగిన సవాల్ ఇది. బీడీఎస్ అయింది. రెండేళ్ళు ఖమ్మంలో ఒక క్లినిక్‌లో జీతానికి చేసింది. ఇప్పుడు మా ఎర్రుపాలెంలోనే సొంతంగా పెట్టుకుంటానంటోంది. పన్ను నొప్పి లేస్తే మా ఊళ్ళో ఎక్కువమంది చేసేది ఒకటే. రెండ్రోజులు లవంగం నమిలి, మూడో రోజు మెడికల్ షాపులో గోలీ అడిగి, ఇక ఓర్చుకోలేనప్పుడు మధిరో బెజవాడో రైలెక్కుతారు. అలాంటి ఊరికి సొంత పిల్ల డాక్టరై వస్తోందంటే ఇంట్లో ఈద్ లాగా ఉండాలి. కానీ ఆ రోజు దస్తర్‌ఖాన్ చుట్టూ అందరి మొహాల్లో ఫికర్.

మా దూలాభాయ్ మాట ఒకటే. "స్మైల్ డెంటల్ కేర్ అని పెద్దగా రాయించు. నీ పేరు కింద చిన్నగా రాయి. అసలు రాయకపోయినా పర్లేదు."

పిల్ల ఒప్పుకోదు. "ఐదేళ్ళు చదివింది స్మైలా, నేనా?"

దూలాభాయ్‌ది ఖౌఫ్ అనుకున్నాన్నేను. మనిషి పాతికేళ్ళుగా మోటార్లకు వైండింగ్ చేస్తున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు, అన్ని కులాలవాళ్ళూ, బోరు మోటారు కాలితే ఆయన దగ్గరికే వస్తారు. ఆయన దుకాణం బోర్డు మీదా ఆయన పేరు లేదు. "మరి నీ పని ఆగిందా? ఎవరైనా నీ మజ్హబ్ అడిగారా?" అన్నాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టి, "మోటారు వేరు బావా, నోరు వేరు" అన్నాడు.

ఆ మాట నన్ను వారం రోజులుగా వదలడం లేదు.

పుట్టుక, కులం, మజ్హబ్ ఇవి పళ్ళ డాక్టర్ బర్కత్‌ని నిర్ణయిస్తాయా అని ఎవరైనా అడిగితే నిన్నమొన్నటిదాకా నా జవాబ్ తేలికగా ఉండేది. చేతిలో హునర్ ఉంటే చాలు, నొప్పి ఉన్నవాడు కులం అడగడు అనేవాడిని. సగం నిజం అది. నొప్పి ఉన్నవాడు నిజంగానే అడగడు. నొప్పి తగ్గాక అడుగుతాడు. నొప్పి రాకముందు, ఎవరి దగ్గరికి పోదామా అని ఆలోచించేటప్పుడు అడుగుతాడు.

ఎంగిలి అనే మాట ఉన్న నేల ఇది. ఒకరి ఎంగిలి గ్లాసు ఇంకొకరు ముట్టని ఇళ్ళ మధ్య పెరిగాం. పళ్ళ డాక్టర్ పనంతా ఆ ఎంగిలిలోనే. గుండె డాక్టర్ ఛాతీ మీద స్టెతస్కోప్ పెడతాడు. పళ్ళ డాక్టర్ నోట్లో వేళ్ళు పెడతాడు. అందుకే ఒకప్పుడు ఈ పని పెద్ద కులాలవాళ్ళు చేయలేదు. పన్ను పీకిందెవరు? ఊరి మంగలి. మా వాళ్ళలో హజాం. క్షవరం, ఖత్నా, పుండు కోయడం, పన్ను పీకడం అన్నీ ఆయన చేతుల మీదుగానే. ఆ హజాంను ఎవరూ డాక్టర్ సాబ్ అనలేదు, పక్కన కూర్చోబెట్టలేదు. అదే పనికి కాలేజీ వచ్చి, సీటు వచ్చి, ఏసీ గది వచ్చాక ఇజ్జత్ వచ్చింది. ఇజ్జత్ వచ్చేసరికి పన్ను పీకిన చేతులు మాత్రం బయట ఉండిపోయాయి. బీసీ-ఈ జాబితా తీసి చూడండి, హజాం, నాయి ముస్లింలు అందులో కనిపిస్తారు. తాతల హునర్ మనవడి దాకా రావాలంటే రిజర్వేషన్ కావాల్సి వచ్చింది.

ఆ కాలేజీ తెచ్చిందెవరో మనలో చాలామందికి తెలీదు. హిందుస్తాన్‌లో మొదటి డెంటల్ కాలేజీని 1920లో కలకత్తాలో పెట్టింది డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. తూర్పు బెంగాల్‌లో పుట్టి, అలీగఢ్‌లో చదివి, అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో 1915లో డెంటల్ డిగ్రీ తీసుకున్నాడు. కాలేజీకి పైసల్లేకపోతే కలకత్తాలో 'న్యూయార్క్ సోడా ఫౌంటెన్' అని ఒక దుకాణం నడిపాడు. సోడాలు, ఐస్‌క్రీములు అమ్మిన పైసలతో పళ్ళ డాక్టర్లను తయారుచేశాడన్నమాట! 1949లో ఆ కాలేజీని పశ్చిమ బెంగాల్ సర్కారుకి ఇచ్చేశాడు. 1964లో పద్మభూషణ్ వచ్చింది. ఆ కాలేజీకి ఈనాటికీ ఆయన పేరే. అక్కడ చదివిన ఫాతిమా జిన్నా 1923లో బొంబాయిలో సొంత క్లినిక్ తెరిచింది. వందేళ్ళ కిందట ఒక ముస్లిం ఆడపిల్ల తన పేరుతో దవాఖానా నడిపితే, మా పిల్ల పేరు చిన్నగా రాయించాలా పెద్దగా రాయించాలా అని మేం 2020ల్లో కూర్చుని మాట్లాడుకుంటున్నాం.

అయితే ఫాతిమా వెనక జిన్నా ఉన్నాడు. బొంబాయిలో పేరుమోసిన వకీలు. మా పిల్ల వెనక కాలిన రాగి తీగ చుట్టలున్నాయి.

ఇక సీటు సంగతి. మా పిల్లకు సీటు వచ్చింది బీసీ-ఈ కోటాలో. దాచుకునే సంగతేం కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు 4 శాతం ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. అప్పటి నుంచీ మా పిల్లల తాలీమ్ ఆ మధ్యంతరం మీదే నడుస్తోంది. మా ఇంటిపేరు షేక్ కాబట్టి సరిపోయింది. మా వీధిలోనే ఉన్న సయ్యద్‌ల పిల్ల మా పిల్ల కంటే పేదది, తెలివైనది. సయ్యద్‌లు, మొగల్‌లు, పఠాన్‌లు ఆ జాబితాలో లేరు. ఆ పిల్ల బీఎస్సీలో చేరింది. ముస్లిం అంటే ఒకటే గుంపు అనుకునేవాళ్ళకు ఈ సంగతి చెప్పినా అర్థం కాదు. 2006లో సచార్ కమిటీ రాసింది కదా, దేశంలోని పెద్ద పెద్ద కాలేజీల్లో డిగ్రీ చదివేవాళ్ళలో పాతికమందికి ఒక్క ముస్లిం, పీజీలో యాభైమందికి ఒక్కరు అని. ఆ ఒక్కరు ఎవరి ఇంటివాళ్ళో కూడా లెక్క తీయాలి.

సీటు దాకా సర్కారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. కాలేజీ గేటు దాటి బయటికొచ్చాక ఆ చెయ్యి ఉండదు. అసలు ఆట అక్కడ మొదలవుతుంది.

ఖమ్మంలో పిల్ల చేసిన క్లినిక్‌లో జరిగిన సంగతి చెబుతాను. ఒకావిడ కుర్చీలో కూర్చుంది. పిల్ల తలకు స్కార్ఫ్ కట్టుకుంటుంది. మాస్కు, టోపీ, గ్లౌజులు వేసుకున్నాక పళ్ళ డాక్టర్లందరూ మా పిల్లలాగే కనిపిస్తారనుకోండి, అది వేరే సంగతి. ఆవిడ పేరు అడిగింది. చెప్పింది. "ఇంకో డాక్టరు లేరా అమ్మా?" అంది. తిట్టలేదు, కోపంగా కూడా అనలేదు. బస్సులో వేరే సీటు అడిగినంత మామూలుగా అడిగింది. ఆ తర్వాత కొన్నాళ్ళు కొత్త పేషెంట్లను పిల్ల దగ్గరికి పంపలేదు. యజమాని మంచివాడే, ఆయన ఒక్క మాటా అనలేదు. పంపలేదు, అంతే. ఒకరోజు రద్దీలో ఒక ముసలి రైతుకి దవడ పన్ను తీసింది. వారం తర్వాత ఆయన పెళ్ళాన్నీ కోడల్నీ తీసుకొచ్చి, "ఆ సాయిబుల అమ్మాయే చూడాలి" అని కూర్చున్నాడు. పిల్ల ఈ రెండూ చెప్పి నవ్వింది. "మామూ, వద్దన్నవాళ్ళకూ నేను సాయిబుల అమ్మాయినే, కావాలన్నవాళ్ళకూ సాయిబుల అమ్మాయినే. నా పేరు ఎవరికీ గుర్తులేదు."

పుట్టుక ఎప్పుడూ నష్టమే అని కూడా అనను. కలకత్తాలో చీనీ డెంటిస్టులుండేవారు. చైనాలోని హుబే ఇలాకా నుంచి వచ్చినవాళ్ళు, తండ్రి నుంచి కొడుకుకి పని నేర్పుకున్నవాళ్ళు. వాళ్ళ బోర్డు మీద చీనీ పేరుంటే జనానికి అదే భరోసా. పళ్ళ కట్టుడు అంటే చీనీవాడే చేయాలి అనేవారు. 1962లో చైనాతో జంగ్ వచ్చింది. వేలమంది చీనీయులను పట్టుకెళ్ళి రాజస్థాన్‌లోని దేవ్లీ క్యాంపులో పెట్టారు. మొన్నటిదాకా మరీజులను పిలిచిన పేరే ఆ రోజు పోలీసులను పిలిచింది. 2020లో మర్కజ్ గొడవప్పుడు మనకూ కొంత తెలిసొచ్చింది. కూరగాయలమ్మే మా వాళ్ళను పేరడిగి వీధిలోంచి పంపేసిన రోజులవి. దూలాభాయ్ ఆ సంవత్సరాన్ని మర్చిపోలేదు. 'పేరు చిన్నగా' అన్నప్పుడు ఆయన కళ్ళ ముందు ఉన్నది అదే.

ఇంతవరకూ షక్, నఫ్రత్ గురించి చెప్పాను. నా అంచనాలో అవి రెండో స్థానం. మొదటి స్థానం జేబుది.

మామూలు పళ్ళ వైద్యం ఆరోగ్యశ్రీలో రాదు. రూట్ కెనాల్ చేయించుకోవాలన్నా, క్యాప్ పెట్టించుకోవాలన్నా జేబులోంచి తీయాల్సిందే. కొత్త డాక్టర్‌కి మొదటి రెండేళ్ళు మరీజులు ఎక్కడి నుంచి వస్తారు? చుట్టాలు, కులపోళ్ళు, వాళ్ళు చెప్తే వచ్చినవాళ్ళు. నాలుగెకరాల మాగాణి, అమెరికాలో కొడుకు ఉన్న కమ్మోళ్ళింటి డాక్టర్‌కి మొదటి మరీజు వాళ్ళ పెదనాన్న. ఆయన ఇంప్లాంట్ పెట్టించుకుంటాడు. షట్టర్ మేనమామది, కిరాయ లేదు. మా పిల్లకు మొదటి మరీజు ఎవరు? ఆటో నడిపే మా ఖాలా కొడుకు. గుట్కా తిని పళ్ళన్నీ పుచ్చాయి. రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుంది బేటా అంటే, "పీకెయ్, ఎంతవుతుంది?" అంటాడు. పీకాక ఆ ఎంతా ఇవ్వడు, "మనింటి డాక్టరే కదా" అని దువా ఇచ్చి పోతాడు. చేతి హునర్ ఇద్దరిదీ ఒకటే. ఒకరు పన్ను నిలబెట్టి సంపాదిస్తారు, ఇంకొకరు పన్ను పీకి దువాలు సంపాదిస్తారు. ఖౌమ్ గరీబీ డాక్టర్ గల్లాపెట్టెలో కూడా కనిపిస్తుంది.

ఇది ముస్లింల మస్లా మాత్రమే కాదు. పిల్ల క్లాస్‌మేట్ ఒకమ్మాయి భద్రాచలం అవతలి కోయగూడెం నుంచి వచ్చింది. వాళ్ళ గూడెంలో మొదటి డాక్టర్. అడవిలో క్లినిక్ పెడితే ఫీజు ఎవరిస్తారు? హైదరాబాద్‌లో ఒక పెద్ద డెంటల్ కంపెనీ బ్రాంచిలో నెల జీతానికి చేస్తోంది. తన భాష మాట్లాడే మరీజు ఆ అమ్మాయి కుర్చీలో ఇంతవరకూ కూర్చోలేదట. అమెరికాలో మాత్రం? అక్కడి పళ్ళ డాక్టర్లలో నల్లవాళ్ళు నూటికి నలుగురు కూడా ఉండరు, జనాభాలో వాళ్ళు పన్నెండు మంది పైనే.

మన తప్పులు కూడా మాట్లాడుకోవాలి, కోపం తెచ్చుకోకండి. కుర్చీ, కంప్రెసర్, ఆటోక్లేవ్, ఎక్స్‌రే అన్నీ కలిపితే లక్షల్లో పని. బ్యాంకు లోన్ తీసుకుందామంటే దూలాభాయ్ 'సూద్ హరామ్' అన్నాడు. ఆయన ఈమాన్‌ని నేను కాదనను. కానీ సూద్ లేకుండా ఖర్జ్ ఇచ్చే చేతులు మనలో ఎన్ని ఉన్నాయి? ఖర్జె హసనా గురించి బయాన్లు చాలా విన్నాను, ఇచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాను. అదే పిల్ల షాదీ అంటే ఫంక్షన్ హాల్‌కీ జోడే కీ రఖమ్‌కీ లక్షలు ఎక్కడి నుంచో పుడతాయి. మా ఆపా పిల్ల నిఖా కోసం దాచిన పైసలున్నాయి. "అవి పెట్టి కుర్చీ కొను ఆపా" అన్నాను. ఇంట్లో మూడు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. నాలుగో రోజు ఆపానే ఫోన్ చేసి, "సెకండ్‌హ్యాండ్ కుర్చీ ఎంతకొస్తుందో కనుక్కో" అంది.

షట్టర్ కూడా వెతికాం. ఒకాయన చూపించాడు, నీళ్ళున్నాయి, కరెంటుంది. పేరు చెప్పాక కాసేపు ఆగి, "మీకివ్వనని కాదు, పైన మేముంటాం, కూర వాసన మా ఇంట్లో వాళ్ళకి పడదు" అన్నాడు. పళ్ళ దవాఖానాలో ఎవరు కూర వండుతారు సార్ అని పిల్ల అడిగింది. ఆయన దగ్గర జవాబ్ లేదు. మాకూ షట్టర్ లేదు. ఇంకో రెండు చూశాక స్టేషన్ వైపు ఒక రైతు ఇచ్చాడు. దూలాభాయ్ దగ్గర ఇరవయ్యేళ్ళుగా మోటార్లు బాగుచేయించుకునే మనిషి. అడ్వాన్సు కూడా సగమే తీసుకున్నాడు. "మీ అమ్మాయైతే నాకేంటి, మా ఇంట్లో పళ్ళన్నీ చూడాలి మరి" అన్నాడు.

నిన్న పెయింటర్ వచ్చాడు. దూలాభాయే పిలిపించాడు. కాగితం మీద తన చేత్తోనే రాసిచ్చాడు. డాక్టర్, షేక్, ఆ తర్వాత బిడ్డ పూర్తి పేరు, బీడీఎస్. పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో. ఉర్దూలో కూడా రాయమంటావా అని పెయింటర్ అడిగితే నా వైపు చూశాడు. అక్షరం ఎంత సైజు ఉండాలో చేత్తో కొలిచి చూపించాడు, జానెడు. స్మైల్ డెంటల్ కేర్ మాత్రం వదల్లేదు. దాన్ని కింద చిన్నగా రాయమన్నాడు.