బొమ్మ ఎవరిది?

అమలాపురంలో మా పక్కింటి అమ్మాయి మొన్న ఒక పూతరేకుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "తినడానికి కాదు పిన్నిగారూ, చూడ్డానికి" అంది. మూత మీద బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, రేకు తీస్తున్న ఆడమనిషి. తను పెన్నుతో గీసిన బొమ్మే. డబ్బా కోసమని అడిగితే రెండు వేలకి గీసిచ్చింది. ఇప్పుడు అదే బొమ్మ కొట్టు బోర్డు మీద, సంచుల మీద, కేలండరు మీద! అడిగితే, "డబ్బులిచ్చేశాం కదమ్మా, ఇంకా నీదెలా అవుతుంది?" అన్నారట.

గీసేముందు కాగితం రాయించుకోనా అని తను అడిగితే, "తెలిసినవాళ్ళేగా, బాగుండదు" అన్నది నేనే. ఆ మాట ఇప్పుడు నన్నే గుచ్చింది. అసలు సంగతేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఏ ఒక్క కొట్టు సొత్తూ కాదు. డబ్బా మీది బొమ్మ సంగతి వేరు. దానికి 1957 నాటి కాపీరైటు చట్టం ఉంది. ఉద్యోగంలో భాగంగా చేసిన పని యజమానిది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వేయించుకున్న పెయింటింగు, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవారివి. కానీ బయటివాళ్ళ చేత గీయించుకున్న గీతల బొమ్మ, రాయించుకున్న మాటలు అలా కాదు. సంతకం పెట్టి రాసిస్తే తప్ప హక్కు చేసినవారిదే. అనుకున్న పనికి వాడుకోవడం వరకే కొట్టువారి వంతు. మరి గీతకి రంగులద్దితే అది పెయింటింగేనా? వాదనలు పుట్టేది ఇలాంటి చోటే.

అందుకే కాగితం. ఏ బొమ్మ, దేనికి, ఎంతకి, ఎన్నాళ్ళకి, ఎక్కడెక్కడ? నాలుగు వాక్యాలు, ఒక సంతకం చాలు. హక్కు రాసిచ్చి గడువు రాయకపోతే ఐదేళ్ళకే అంటుంది చట్టం. హక్కు అమ్మేసినా "ఇది నేను గీశాను" అని చెప్పుకునే హక్కు మాత్రం పోదు.

కాగితం కొట్టువారికీ మేలే. పేరు తెచ్చిన బొమ్మ తమది కాదని రేపు తేలితే ఆ డబ్బాలన్నీ ఏం చేసుకుంటారు?

ఒక్క దింపు కాయలు కొనుక్కున్నవాడు కొబ్బరితోటే నాదంటే మనం ఊరుకుంటామా? మన చేతిపని దగ్గరికొచ్చేసరికే మొహమాటం అడ్డొస్తుంది.

అమ్మాయి కాగితం రాసుకుంది. రేపు ఇద్దరం ఆ కొట్టుకి వెళ్తున్నాం. ఈసారి "బాగుండదు" అని నేననను.