ఊపిరితో ఆస్తమా కొలిచే మెషిన్: పిల్లలున్న ఇంటికి కొనాలా?

పిల్లాడు గొట్టంలోకి ఊదితే చాలు, ఆస్తమా ఎంత అదుపులో ఉందో నంబర్‌లో చెప్పే మెషిన్లు వచ్చాయి. వినడానికి సూపర్‌గా ఉంది. కానీ వైరా లాంటి ఊళ్లో ఇంటి డబ్బు ముందు దీని మీద పెట్టొద్దని నా అభిప్రాయం.

ఇదెలా పనిచేస్తుందో చూద్దాం. శ్వాసనాళాల్లో అలర్జీ రకం వాపు ఉంటే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది. దాన్ని కొలిచే టెస్ట్ పేరు ఫీనో. నియాక్స్ వీరో లాంటి మెషిన్‌లో ఒకే వేగంతో 6 నుంచి 10 సెకన్లు ఊదాలి. పిల్లల్లో రీడింగ్ 20 లోపుంటే తక్కువ, 35 దాటితే ఎక్కువ అని అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011లో చెప్పింది.

సెన్సర్ మంచిదే. తిరకాసంతా ఆ నంబర్‌తో మనం ఏం చేస్తామన్న దగ్గరే. టెస్ట్‌కి ముందు పాలకూర తిన్నా రీడింగ్ పెరగొచ్చు. అలర్జీ రకం కాని ఆస్తమా అయితే నంబర్ తక్కువున్నా ఆయాసం రావచ్చు. ఇక మిర్చి ఘాటో, పొయ్యి పొగో తగిలి సాయంత్రం మొదలయ్యే ఆయాసాన్ని పొద్దున చూసిన నంబర్ ముందే పట్టివ్వలేదు. బ్రిటన్‌లో 509 మంది పిల్లలపై చేసిన ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. లక్షణాలతో పాటు ఫీనో కూడా చూసి మందులు మార్చినా, ఎటాక్‌లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

స్మార్ట్‌వాచ్‌లో ఆక్సిజన్ బాగుంది కదా అనుకోవద్దు. పిల్లి కూతలు వస్తున్నా ఆ నంబర్ నార్మల్‌గానే ఉండొచ్చు. అది పడిపోయేసరికి ఆలస్యమైపోతుంది.

మరి ఏం కొనాలి? డాక్టర్ రాసిన ఇన్హేలర్, దానికి స్పేసర్. ఐదారేళ్లు దాటిన పిల్లలుంటే ఒక పీక్ ఫ్లో మీటర్. వందల రూపాయల్లో వస్తుంది, బ్యాటరీ లేదు, యాప్ లేదు. పిల్లాడి బెస్ట్ రీడింగ్‌లో 80 శాతం కంటే తగ్గితే జాగ్రత్త పడాలి, 50 శాతం కంటే తగ్గితే రిలీవర్ ఇచ్చి వెంటనే ఆస్పత్రికి బయల్దేరాలి. రీడింగ్ ఎంతున్నా, మాట్లాడలేకపోతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆగొద్దు.

ఫీనో మెషిన్ పనికిరాదని కాదు. దాని చోటు ఖమ్మంలోని ఆస్పత్రి. మెషిన్ ఒక్కటే అయినా వందల మంది పిల్లలకి పనికొస్తుంది. స్టెరాయిడ్ ఇన్హేలర్ సరిగ్గా వాడితే రీడింగ్ సాధారణంగా తగ్గుతుంది, కాబట్టి మందు లోపలికి వెళ్తోందా లేదా డాక్టర్‌కి అంచనా దొరుకుతుంది. "తగ్గింది కదా, ఇన్హేలర్ అలవాటైపోతుంది" అని మధ్యలో ఆపేసే ఇళ్లలో అసలు ప్రమాదం అదే. ఇన్హేలర్ వ్యసనం కాదు, డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.

నా వెర్డిక్ట్: ఆస్పత్రికి బై, ఇంటికి స్కిప్.