రివాల్వర్ కన్నా ముందు తాళం పెట్టె

మా చోటా భాయి డల్లాస్ దగ్గర ఇల్లు కొన్నాడు. పోయిన నెల వాళ్ల పక్కవీధిలో దొంగలు పడ్డారు. ఆ రాత్రే ఫోన్ చేశాడు: "భాయీజాన్, ఇంటి హిఫాజత్ కోసం ఒక రివాల్వర్ తీసుకుందామనుకుంటున్నా. ఏది మంచిదంటారు?"

ముందు ఖానూన్ సంగతి చెప్పాను. హెచ్-1బి వీసా మీద ఉన్నవారు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా అమెరికాలో మామూలుగా జుర్మే. వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రం ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారు కొనుక్కోవచ్చు. దుకాణంలో రివాల్వర్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. దోస్త్ పేరు మీద కొనిపించుకునే ఖయాల్ అసలే వద్దు.

ఇక ఏది కొనాలన్న సవాల్. పదేళ్ల క్రితం నేను చేసిన ఘల్తీ చెప్తాను. చిన్నది, తేలికైనది అని రెండంగుళాల గొట్టం ఉన్నది తెచ్చాను. రేంజ్‌లో పేలిస్తే చేయి అదిరిపోయింది, గురి కుదరలేదు. మా బేగం రెండు వేళ్లతో కూడా ట్రిగ్గర్ లాగలేకపోయింది. తేలికైన తుపాకీ జేబుకు సుఖం, చేతికి కష్టం. ఇంట్లో ఉంచుకునేదానికి జేబుతో పనేముంది? నా మష్వరా ఏమిటంటే, నాలుగంగుళాల గొట్టం, ఉక్కు శరీరం, .38 స్పెషల్. .357 మాగ్నమ్ రివాల్వర్ అయినా ఫరవాలేదు, అందులో .38 గుండ్లూ పనిచేస్తాయి. సిలిండర్ పక్కకు తెరిస్తే గుండ్లు ఉన్నాయో లేవో వెంటనే కనిపిస్తుంది. కొత్తవాళ్లకు ఇదే పెద్ద ఫాయిదా. కొనేముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని మియా బీవీ ఇద్దరూ పేల్చి చూడాలి. తాలీమ్ లేని చేతికి ఏ తుపాకీ అయినా ఖతరానే.

ఇంతకన్నా పెద్ద ఘల్తీ ఇంకొకటి. ఆ రివాల్వర్‌ను గుండ్లతో సహా అల్మారా పైన దాచాను. పిల్లలకు అందదులే అనుకున్నా. ఈద్ ముందురోజు మా ఎనిమిదేళ్ల బాబు కొత్త బట్టలు వెతుకుతూ కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కాడు. వాడి చేయి దానికి జానెడు దూరంలో ఉండగా చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి తాళం పెట్టె తెచ్చాను. టెక్సాస్‌లో గుండ్లు నింపిన తుపాకీని 17 ఏళ్లలోపు పిల్లలకు దొరికేలా వదిలేయడం నేరం కూడా. కానీ ఖానూన్‌కు భయపడి కాదు, ఆ జానెడు దూరాన్ని తలచుకుని చెప్తున్నా.

ఒక మాట మొహమాటం లేకుండా రాస్తాను. ఇంట్లో ఎవరైనా మాయూసీలో కుంగిపోతున్నా, గుస్సా వస్తే ఒళ్లు మరిచే మనిషి ఉన్నా, ఆ ఇంటికి తుపాకీ వద్దే వద్దు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఖుద్‌కుషీలే. దొంగ వస్తాడో రాడో తెలియదు, ఇంట్లోవాళ్లు మాత్రం రోజూ అక్కడే ఉంటారు.

చోటా భాయితో అన్నాను: "ముందు తలుపులకు గట్టి గడియలు, బయట లైటు పెట్టించు. తర్వాత తాళం పెట్టె కొను. ఆ తర్వాత క్లాసుకు వెళ్లు. ఈ మూడూ అయ్యాక కూడా జరూరత్ అనిపిస్తే, అప్పుడు రివాల్వర్ గురించి మాట్లాడదాం."

గడియలు పెట్టించాడట. పెట్టె ఇంకా కొనలేదు. కాబట్టి రివాల్వర్ మాట కూడా ఇంకా రాలేదు.