హాజరు పట్టీతో మర్యాద రాదు



కాలేజీ పిల్లలకు బొత్తిగా మర్యాద లేదంటూ పత్రికలో వచ్చిన లేఖ చదివాను. సగమే ఒప్పుకుంటాను. పాఠం సాగుతుండగా ఫోన్ చూసుకోవడం, వెనక బెంచీల్లో కబుర్లాడటం ముమ్మాటికీ తప్పే. అధ్యాపకులతో పాటు, వినాలని వచ్చిన తోటి విద్యార్థులకూ అది అన్యాయం.

కానీ అదే వయసు పిల్లలు అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో, ఇరుకు గదుల్లో కిక్కిరిసి కూర్చుని జావా, పైథాన్ పాఠాలు శ్రద్ధగా వింటున్నారు. అక్కడ డెమో క్లాసు నచ్చితేనే చేరతారు. కనుక చెప్పేవారూ సిద్ధపడే వస్తారు. మరోవైపు జేఎన్‌టీయూ కాలేజీల్లో 75 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. అది విద్యార్థిని గదిలో కూర్చోబెట్టగలదు, మనసు పెట్టించలేదు.

అలాగని నేర్పించే బాధ్యతంతా అధ్యాపకులదే అనను. వేళకు రావడం, ఫోన్ సంచిలో పెట్టడం, ఒకరు మాట్లాడుతుంటే వినడం విద్యార్థుల కనీస ధర్మం. సందేహం అడిగితే ఎదిరించినట్టు భావించకపోవడం అధ్యాపకుల ధర్మం. ఈ నియమాలను మొదటి రోజే ఇరువురూ కలిసి రాసుకోవాలి. ప్రిన్సిపాళ్లు ఈ విద్యా సంవత్సరమే ఆ పని మొదలుపెట్టాలని నా విన్నపం.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు, పంజాగుట్ట, హైదరాబాద్