లెక్కకు రాని గొంతులు

ఒక నాట్ల కాలంలో కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి బస్సులో పోతున్నాను. పక్కన కూర్చున్న కుర్రవాడు ఫోనులో "సారంగ దరియా" పెట్టి, "సార్, దీన్ని ఎన్ని కోట్లసార్లు చూసిండ్రో ఎరుకేనా?" అని అడిగాడు. పాట ఎట్లా ఉందని మాత్రం అడగలేదు. కిటికీ బయట లింగంపేట పొలాల్లో ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తున్నారు. పాడుతున్నారేమో, బస్సు చప్పుడులో నాకు వినబడలేదు. ఇంతకీ పాటలో మనం లెక్కపెడుతున్నది దేనిని?

పాటలకు వరుస సంఖ్యలు వేయడం కొత్త సంగతి కాదు. 1952లో రేడియో సిలోనులో మొదలైన బినాకా గీత్‌మాలా కోసం బుధవారం రాత్రులు ఎదురుచూసినవారు మనలో ఇంకా ఉన్నారు. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 1944 జనవరిలో అక్కడి పల్లె సంగీతానికి, అంటే నేటి కంట్రీ సంగీతానికి, తొలి పట్టిక వేసింది. దాని పేరులో అప్పుడు ఉన్నది "ఫోక్" అన్న మాటే. నాణెం వేస్తే పాడే జూక్‌బాక్సులే దానికి ఆధారం. 2012 అక్టోబరులో అంతర్జాలంలో వినే లెక్కను కూడా కలిపేసరికి స్థానాలు తారుమారయ్యాయి. 2019లో "ఓల్డ్ టౌన్ రోడ్" అనే పాటను కంట్రీ లక్షణాలు చాలవంటూ ఆ పట్టిక నుండి తీసివేశారు. అదే పాట అన్ని రకాల పాటల పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. పాట మారలేదు, కొలత మారింది.

మన "సారంగ దరియా" సంగతే చూడండి. "లవ్ స్టోరీ" చిత్రం కోసం 2021 ఫిబ్రవరి నెలాఖరున విడుదలైంది. రచన సుద్దాల అశోక్ తేజ, గొంతు మంగ్లిది. మూలం మాత్రం జానపదం. ఆ పాటను తాను సేకరించి పాడానని గాయని కోమలి ముందుకు వచ్చారు. జనం పాట ఎవరి సొత్తూ కాదన్న వాదన కూడా వినిపించింది. చివరకు దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని ప్రకటించారు.

సినిమా లేకపోతే ఆ పాట ఇంతమందికి చేరేది కాదన్నది నిజమే, నేను కాదనను. జనం పాటకు యజమాని ఉండడన్నదీ నిజమే. కానీ యజమాని లేకపోవడం వేరు, మోసుకొచ్చిన మనిషి పేరు చెప్పకపోవడం వేరు. కోట్ల లెక్క చూపే చోటనే, ఏ ఊరి పాట, ఎవరి నోట విన్నది అని ఒక్క వాక్యం రాయడానికి ఖర్చేముంది? నాట్లలోనో, బీడీలు చుట్టే అరుగు మీదనో, బతుకమ్మ చుట్టూనో పాడిన అవ్వ ఏ పట్టికకూ ఎక్కదు. ఆమె పేరును మనమైనా ఎక్కించవచ్చు.

ఈసారి ఊరికి పోయినప్పుడు ఎవరైనా పాడితే, పాటతోబాటు ఆమె పేరు, ఊరు కూడా అడిగి రాసుకోండి. నేను ఎల్లారెడ్డిలో బస్సు దిగాక ఆ పని చేయకుండానే తిరిగివచ్చాను. అందుకే ఈ నాలుగు మాటలు. మీరేమంటారు?